తెలిసి వేసిన కట్టు

పోచంపల్లిలో చిట్కి కట్టే చోట కూర్చుంటే పొద్దు తెలియదు. చట్రానికి పేక నూలు బిగించి ఉంటుంది. దాని మీద గీతలు గీసి ఉంటాయి. ఆ గీతల వెంట వేళ్లు నడుస్తూ పోతాయి. సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పీలికను చుట్టడం, లాగడం, బిగించడం, పక్క గుర్తుకు జరగడం. కట్టిన చోటికి రంగు ఎక్కదు, వదిలిన చోటికి ఎక్కుతుంది. చీర మీది పువ్వు మగ్గం మీద పుట్టిందనుకుంటాం గానీ అది పుట్టేది ఈ కట్ల దగ్గరే. మగ్గం ఎక్కేసరికే పువ్వు నూలులో దాగి ఉంటుంది. నేతగాడు దాన్ని చెదరనీయకుండా బయటికి తీస్తాడు.

ఓసారి అలా చూస్తూ కూర్చుంటే, కట్లు కడుతున్న పెద్దాయన తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏం సూస్తున్నవ్ సారూ, అంతగనం?"

"కట్టు ఎంత గట్టిగ ఉండాలె తాతా?"

"గట్టిదనం చేతికి అదే వస్తది. రంగు ఏడ పారొద్దో గది ముందుగాల తెల్వాలె."

ఆ మాట వినగానే నాకు చట్టంలోని ఒక సెక్షన్ గుర్తొచ్చింది. కోర్టు వార్తలు రాస్తూ ఏళ్లు గడిపినవాడికి ఇలాంటి జబ్బులు అంటుకుంటాయి, మన్నించాలి.

ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 217వది. 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా అది ఐపీసీ 182. అబద్ధపు ఫిర్యాదుతో ఎదుటివాడి మీదికి పోలీసులను ఉసిగొల్పేవాడి లెక్క తేల్చే సెక్షన్ ఇది. "వాడు దొంగ కేసు పెట్టిండు, వాణ్ని ఏం చెయ్యలేమా?" అని స్టేషన్ ముందు చెట్టు కిందా, కోర్టు పక్క టీ హోటల్లోనూ వినబడే ప్రశ్నకు చట్టం రాసిపెట్టుకున్న మొదటి జవాబు. శిక్ష సంగతి రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. పాత లెక్కలో 6 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కొత్త లెక్కలో జైలు ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా. అందరూ అడిగేది ఇదే, వార్తల్లో వచ్చేదీ ఇదే. నన్ను పట్టుకున్నది మాత్రం దాని అల్లిక. ఎక్కడ రంగు పారాలో, ఎక్కడ పారకూడదో ముందే తెలిసిన చెయ్యి కట్టిన కట్లు అందులో ఉన్నాయి.

సెక్షన్‌ను మన మాటల్లోకి దించితే ఇలా ఉంటుంది. ఒక సమాచారం అబద్ధమని తెలిసి, లేదా అబద్ధమని నమ్ముతూ, ఎవరైనా దాన్ని ఒక ప్రభుత్వోద్యోగికి ఇచ్చారనుకోండి. అసలు నిజం తెలిస్తే ఆ ఉద్యోగి చేయని పనిని అతనితో చేయించాలనో, అతని చట్టబద్ధమైన అధికారాన్ని ఇంకొకరికి హానిగానో చికాకుగానో వాడించాలనో ఆ సమాచారం ఇచ్చినా, అలా జరగవచ్చని తెలిసే ఇచ్చినా, అది నేరం. మూలంలో ఇదంతా ఒకటే వాక్యం.

మొదటి కట్టు "తెలిసి" అన్న మాట మీద ఉంది. సమాచారం అబద్ధమైతే చాలదు, ఇచ్చినవాడికి అది అబద్ధమని తెలిసి ఉండాలి. తెలియకపోయినా, అబద్ధమేనని లోపల నమ్ముతూ ఉండాలి. నిజమనుకుని చెప్పి, తర్వాత పొరపాటని తేలితే ఈ సెక్షన్ అతని వంక కన్నెత్తి చూడదు. సాక్ష్యం దొరక్క కేసు వీగిపోయినా చూడదు. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డ ప్రతిసారీ ఫిర్యాదుదారు అబద్ధాలకోరని మన ఊళ్లల్లో తీర్మానించేస్తారు. చట్టం అంత తొందరపడదు. రంగు పారకూడని చోటు అదే మరి. భయపడుతూ, చీకట్లో చూసిందాన్ని చూసినట్టు చెప్పుకోవడానికి వచ్చిన మనిషి మీదికి ఈ శిక్ష రంగు పాకకూడదు. పాకితే రేపు స్టేషన్ మెట్లు ఎక్కేవాడుండడు.

రెండోది "చట్టబద్ధమైన అధికారం". ఇందులో పోలీసు తప్పు చేశాడని ఎవరూ అనడం లేదు. సోదా చేసే అధికారం అతనికి ఉంది, చేశాడు. పిలిపించే అధికారం ఉంది, పిలిపించాడు. అబద్ధమాడినవాడు సొంత చెయ్యి ఎత్తలేదు, ప్రభుత్వం చెయ్యి అరువు తెచ్చుకున్నాడు. ఆ అరువే నేరం. ఇంకో సంగతి, ఆ చెయ్యి నిజంగా లేచిందా లేదా అన్నదానితో కూడా పని లేదు. సమాచారం అందించిన క్షణానే నేరం పూర్తయిపోతుంది. ఎస్‌ఐ తెలివైనవాడై అబద్ధాన్ని అక్కడే పసిగట్టి కాగితం పక్కన పెట్టినా, తెచ్చినవాడు తప్పించుకోలేడు.

"హాని" పక్కన కూర్చున్న "చికాకు" అన్న చిన్న మాట నాకు మరీ ఇష్టం. అరెస్టు అక్కర్లేదు, దెబ్బలు అక్కర్లేదు. ఇంటి ముందు జీపు ఆగి, వాడకట్టంతా తొంగిచూసి, పెద్ద మనిషి తల దించుకున్నాడంటే చాలు. ఊరి బతుకు తెలిసినవాళ్లకు ఆ మాట బరువు చెప్పక్కర్లేదు.

ఇక సెక్షన్ కింద మూడు దృష్టాంతాలు ఉన్నాయి. చట్టం చదవనివాళ్లు కూడా వీటిని చదవొచ్చు, చిన్న కథల్లా ఉంటాయి. మొదటిదాంట్లో ఒకడు మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి, ఫలానా పోలీసు అధికారి విధుల్లో తప్పు చేశాడని తెలిసీ అబద్ధం చెబుతాడు. మెజిస్ట్రేటు ఆ అధికారిని కొలువు నుంచి తీసేయొచ్చని వాడికి తెలుసు. చూశారా, సెక్షన్ మొదట కాపాడింది పోలీసునే. రెండోదాంట్లో ఒకడు వెళ్లి, ఫలానావాడి ఇంట్లో రహస్యంగా దొంగ ఉప్పు దాచాడని చెబుతాడు. ఆ ఇంట్లో సోదా జరుగుతుందనీ, ఇంటివాళ్లు ఇబ్బంది పడతారనీ వాడికి తెలుసు.

దొంగ ఉప్పు! ఉప్పు పన్ను పోయి ఎన్ని దశాబ్దాలైంది. దండి నడక అయింది, స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది. 2023లో కొత్త సంహిత రాసినవాళ్లు కూడా ఆ ఉప్పును కదిలించలేదు, అలాగే మోసుకొచ్చారు. బద్ధకమని కొందరు వెక్కిరించారు. నాకైతే పాత అంచును కొత్త చీరకు వేసినట్టే అనిపించింది. తీసేయడానికి చెయ్యి రాలేదేమో.

మూడోది అన్నిటికన్నా గొప్ప పనితనం. ఒకడు పోలీసు దగ్గరికి వెళ్లి, ఫలానా ఊరి దగ్గర తనను కొట్టి దోచుకున్నారని అబద్ధం చెబుతాడు. ఎవరి పేరూ చెప్పడు. కానీ ఆ మాట మీద పోలీసులు ఆ ఊరికి వెళ్లి విచారిస్తారని, సోదాలు చేస్తారని, ఊరివాళ్లకు, లేదా వాళ్లలో కొందరికి, ఇబ్బంది తప్పదని వాడికి తెలుసు. అదీ నేరమే. పేరు లేదు కాబట్టి బాధితుడు లేడని తప్పించుకునే దారిని ఒక్క చిన్న కథతో మూసేశారు. ఇక్కడ బాధితుడు ఊరు. చట్టం పుస్తకాల్లో ఊరు మనిషిలా నిలబడే చోట్లు ఎక్కువ లేవు.

నల్లగొండ జిల్లా గతం తెలిసినవాడు ఈ దృష్టాంతాన్ని మామూలుగా చదవలేడు. పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా 2016 దాకా నల్లగొండ మనిషే. ఈ నేల మీద కేసు అనేది చాలాకాలం గడీ చేతిలోని కర్ర. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి, చాకలి ఐలమ్మ సాగు చేసుకుంటున్న భూమి మీద కన్నేసి, ఆమె కుటుంబం మీదా ఆంధ్ర మహాసభ సంఘం నాయకుల మీదా కేసులు పెట్టించిన కథ సాయుధ పోరాట చరిత్రలో మొదటి పుటల్లోనే ఉంటుంది. ఐలమ్మ ఊరు పాలకుర్తి ఉన్న జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలోదే. పంట ఎత్తుకెళ్లడానికి గూండాలను పంపే చేతికి, కాగితం రాయించి పోలీసులను పంపడం కొత్త విద్యేమీ కాదు.

ఆ రోజుల్లో నిజాం రాజ్యానికి సొంత శిక్షాస్మృతి ఉండేది. ఐపీసీ ఇక్కడికి వచ్చిన తేదీ వెతికితే నాకో ముచ్చట దొరికింది. పార్ట్ బి రాష్ట్రాల చట్టంతో హైదరాబాద్ రాష్ట్రానికి ఐపీసీ వర్తించింది 1951 ఏప్రిల్ 1న. సరిగ్గా పదిహేడు రోజులకు, ఏప్రిల్ 18న, వినోబా భావే పోచంపల్లిలో కూర్చుని ఉండగా నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం పుట్టిన ఆ ఏప్రిల్ నెలలోనే, పేరు చెప్పకుండా ఊరి మీదికి పోలీసులను తోలడం నేరమనే ఆ చిన్న కథ కూడా ఈ ఊరికి చట్టమై వచ్చింది. ఆ రెండో రాకను ఎవరూ గమనించి ఉండరు. గమనించాల్సిన పని కూడా ఎవరికుంటుంది!

ఈ నేత నేసిన చేతుల గురించి కొంచెం చెప్పాలి. శిక్షాస్మృతి ముసాయిదాను మెకాలే నాయకత్వాన మొదటి లా కమిషన్ 1837లో పూర్తి చేసింది. సెక్షన్ కింద చిన్న కథలు పెట్టి అర్థం తేటపరచడం ఆ ముసాయిదా ప్రత్యేకత. మెకాలే అంటే మనకు చదువుల మీద ఆయన రాసిన 1835 నాటి పత్రమే గుర్తొస్తుంది, ఒళ్లు మండుతుంది. మండాల్సిందే. కానీ వాక్యం కట్టడం వచ్చినవాడు. ముసాయిదా ఇరవై ఏళ్లకు పైగా మూలన పడింది. బార్న్స్ పీకాక్ దాన్ని సరిదిద్దాక 1860 అక్టోబరు 6న చట్టమైంది, 1862 జనవరి 1 నుంచి అమలైంది. మెకాలే 1859 డిసెంబరులోనే పోయాడు, తన నేత మగ్గం దిగడం చూడలేదు. 182ను మాత్రం 1895లో మళ్లీ విప్పి కొత్తగా కట్టారు. మనకు అందింది ఆ రెండో కట్టే. ఒకటి వదులైందని గమనించి, విప్పి, తిరిగి కట్టే ఓపిక చట్టసభలకు ఉండేదన్నమాట.

ఈ దృష్టాంతాల పద్ధతిలోనే పోచంపల్లికి ఒక కథ కట్టి చూద్దామనిపించింది. 'క' ఒక మాస్టర్ వీవర్. 'గ' అతని దగ్గర అడ్వాన్సు తీసుకుని, పట్టు తెచ్చుకుని, కూలికి నేస్తాడు. గొడవ వచ్చి 'గ' వేరే చోట నేయడం మొదలుపెడతాడు. 'క' స్టేషన్‌కు వెళ్లి, 'గ' తన ఇంట్లో జొరబడి ఏడు చీరలు ఎత్తుకుపోయాడని రాసిస్తాడు.

ఇప్పుడు రంగులు మార్చి చూడండి. చీరలు నిజంగా లెక్కకు తక్కువయ్యాయి, గుమాస్తా పద్దు తప్పు రాశాడు, 'క' ఆ పద్దును నమ్మాడు. అప్పుడు నేరం లేదు. చీరలు లేనే లేవు, అడ్వాన్సు రాబట్టుకోవడానికి 'క' వాటిని పుట్టించాడు. అప్పుడు నేరం. 'గ' పేరు చెప్పకుండా, "మా వెనక గల్లీల ఉండేటోళ్లే ఎవరో" అని మాత్రం రాసిచ్చాడు. మూడో దృష్టాంతం లేచి నిలబడుతుంది. అడ్వాన్సు ఎగ్గొట్టాడని ఉన్నది ఉన్నట్టే రాసిచ్చాడు, ఎస్‌ఐ ఇది సివిల్ తగాదా అని పంపేశాడు. 'క'కు కోపం రావొచ్చు, నేరం మాత్రం లేదు. మొదటి రెండు కథల్లో కాగితం ఒకటే, స్టేషన్ ఒకటే. లోపలి తెలివిడి ఒక్కటే మారింది. పోలికంతా దాంతోనే మారిపోయింది.

స్టేషన్ భాషలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. దర్యాప్తు చేసి కేసు నిలవదనుకున్నప్పుడు మన పోలీసులు దాన్ని "రిఫర్" చేస్తారు. కారణం రాయాలి. "మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్" అని రాస్తే ఒకటి, "సివిల్ నేచర్" అని రాస్తే ఒకటి, "ఫాల్స్" అని రాస్తే మరొకటి. "కేసు కొట్టేసిన్రు" అని బయట అందరూ ఒకే మాట అనుకుంటారు. ఈ వ్యాసానికి పనికొచ్చేది చివరి మాట ఒక్కటే. అది రాసినా, ఫిర్యాదుదారు నోరు మూయించలేరు. రిఫర్ నివేదికను ఒప్పుకునే ముందు మెజిస్ట్రేటు అతనికి నోటీసిచ్చి వినాలని సుప్రీంకోర్టు 1985లో భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. పోలీసులు తేల్చింది తప్పని అతను ప్రొటెస్ట్ పిటిషన్ వేసుకోవచ్చు. అబద్ధమన్న ముద్రకు కూడా అప్పీలు లాంటిది ఉందన్నమాట.

ఇంతవరకు మెచ్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఈ నేతలో నన్ను చాలాకాలం తికమక పెట్టిన పోగు గురించి. అబద్ధపు ఫిర్యాదుకు బలైన 'గ' నేరుగా కోర్టుకు వెళ్లి 217 కింద 'క'ను శిక్షించమని అడగలేడు. తలుపు తాళం చెవి అతని దగ్గర లేదు. అబద్ధం ఎవరికి చెప్పారో ఆ ఉద్యోగి, లేదా ఆయన పై అధికారి, రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకుంటుంది. పాత సీఆర్‌పీసీ 195 చెప్పింది ఇదే. ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 215 చెప్పేదీ ఇదే, కాకపోతే ఆ ఉద్యోగి అధికారమిచ్చిన మరో ఉద్యోగి రాసినా చాలంటుంది. దీని మీద సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, 1962 నాటి దౌలత్ రామ్ కేసు. ఒక పట్వారీ తహసీల్దారుకు అబద్ధపు ఫిర్యాదు పంపాడన్నది ఆరోపణ. కింది కోర్టులు శిక్ష వేశాయి. సుప్రీంకోర్టు కొట్టేసింది. అబద్ధం చెప్పింది తహసీల్దారుకు, కోర్టుకు రాసింది పోలీసులు. తహసీల్దారు స్వయంగా రాయలేదు. అంతే, మొత్తం కేసు పోయింది. పట్వారీ అబద్ధమాడాడా లేదా అన్నదాని దాకా వెళ్లాల్సిన అవసరమే రాలేదు.

మొదట చదివినప్పుడు ఇదెక్కడి న్యాయమనిపించింది. చికాకు పడ్డది ఊరివాడు, తాళం చెవి ఆఫీసరు జేబులోనా? తర్వాత సెక్షన్ ఏ అధ్యాయంలో ఉందో చూశాను. అది ప్రభుత్వోద్యోగుల అధికారాన్ని ధిక్కరించే నేరాల అధ్యాయం. అంటే చట్టం దృష్టిలో అబద్ధమాడినవాడు మొదట మోసగించింది ఆ ఆఫీసరును. ఆయన చేతినే కదా అరువు తెచ్చుకున్నది. అందుకే చెవి ఆయనకిచ్చారు. ఇంకో లాభం కూడా ఉంది. చెవి అందరి దగ్గరా ఉంటే, నిర్దోషిగా బయటపడ్డ ప్రతివాడూ మర్నాడే ఫిర్యాదుదారు మీద కేసు వేస్తాడు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు అందరికన్నా ముందు వేస్తాడు. ఇప్పటికే కౌంటర్ కేసు అనే ఆయుధం మన పల్లెల్లో ఎవరి మీద ఎక్కువగా తిరుగుతుందో అందరికీ తెలుసు. దానికి పదును పెట్టకుండా ఉండటానికే ఈ తాళం.

అల్లిక అర్థమైంది. అయినా నా ఫిర్యాదు పోలేదు. చెవి ఉన్నవాడు దాన్ని సొరుగులోంచి తీయడు. రోజుకో బందోబస్తు, రోజుకో పంచాయితీ ఉన్న స్టేషన్‌లో, ముగిసిపోయిన కేసు కోసం మళ్లీ కోర్టు చుట్టూ తిరిగే తీరిక ఎవరికుంటుంది? పైగా గడువు ఒకటుంది. ఏడాది దాకా శిక్ష పడే నేరాలకు ఏడాదిలోగా కోర్టుకు రావాలి. అసలు దర్యాప్తే ఏడాది దాటితే చెవి తుప్పు పట్టినట్టే. ఆలస్యాన్ని కోర్టు మన్నించొచ్చు, అడిగేవాడుంటే.

217 చిన్న రుమాలు అనుకుంటే పెద్ద చీర వేరే ఉంది. పాత నంబరు 211, ఇప్పుడు 248. ఒకరికి హాని చేయాలని, న్యాయమైన కారణం లేదని తెలిసీ, వాళ్ల మీద క్రిమినల్ కేసు నడిపించడం, లేదా నేరం చేశారని అబద్ధపు ఆరోపణ చేయడం దీని కిందికి వస్తుంది. ఇది న్యాయానికే విరుద్ధమైన నేరాల అధ్యాయంలో ఉంది, అందుకే శిక్ష బరువు. పాత చట్టంలో 2 ఏళ్ల దాకా, కొత్తదాంట్లో 5 ఏళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆరోపించిన నేరం పెద్దదైతే శిక్ష ఇంకా పెరుగుతుంది. పాత చట్టంలో 7 ఏళ్ల దాకా, కొత్త చట్టంలో 10 ఏళ్ల దాకా.

శిక్షలు పెరిగాయని అందరూ చెబుతారు. నూలు దగ్గరికి కళ్లు పెట్టి చూస్తే ఒక చోట తగ్గింది. "పెద్ద నేరం" అనే మెట్టు పాత చట్టంలో ఏడేళ్ల దగ్గర మొదలయ్యేది, కొత్త చట్టంలో పదేళ్ల దగ్గర మొదలవుతుంది. మా 'క', 'గ'ల కథే తీసుకోండి. ఇంట్లో దొంగతనానికి శిక్ష ఏడేళ్ల దాకా. అలాంటి నేరం మీద అబద్ధపు కేసు నడిపించినవాడికి పాత చట్టం ఏడేళ్ల దాకా వేసేది. కొత్త చట్టం ప్రకారం అతను కింది మెట్టుకు దిగిపోయాడు, అయిదేళ్లు దాటవు. కావాలని చేశారో, మెట్టు జరుపుతూ చూసుకోలేదో. ఇక్కత్ నేతలో పేక కొంచెం జరిగితే పువ్వు అంచు జివ్వున చీలినట్టు కనిపిస్తుంది, అది ఇక్కత్ అందమే. చట్టంలో మాత్రం అది అందం కాదు.

248కి కూడా తాళం ఉంది. అబద్ధం కోర్టు విచారణకు సంబంధించినదైతే ఆ కోర్టే ఫిర్యాదు చేయాలి. ఆ తాళం బిగుసుకుపోయినప్పుడు ఏం చేయాలో 2014లో పెరుమాళ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు రాసింది మన కృష్ణా జిల్లావాడు జస్టిస్ చలమేశ్వర్. ఒకతనిపై మోసం కేసులో, వైద్య పరీక్షలో తేలినదానికి విరుద్ధంగా పోలీసులు ఛార్జిషీటు వేశారన్నది తగాదా. అతను నిర్దోషిగా బయటపడి, తప్పుడు ఛార్జిషీటు వేసినవాళ్ల సంగతి తేల్చమని వెళితే, కోర్టు ఫిర్యాదు లేదు కాబట్టి కుదరదన్నారు. కింది కోర్టు చేయకపోతే పై కోర్టుకూ ఆ అధికారం ఉంది, హైకోర్టు చేతులు ముడుచుకుని కూర్చోకూడదని సుప్రీంకోర్టు తిప్పి పంపింది. అంటే ఒక చెవి పోతే పైన ఇంకో చెవి ఉంది. దాన్ని అడగాలని తెలిసినవాళ్లే తక్కువ.

నిజానికి దొంగ కేసులో ఇరుక్కున్నవాళ్లు ఎక్కువగా వెతుక్కునేది శిక్షను కాదు, విడుదలను. కేసునే కొట్టేయమని హైకోర్టుకు వెళతారు. ఏ కేసులు అలా కొట్టేయొచ్చో ఏడు రకాలుగా చెప్పిన భజన్‌లాల్ తీర్పు 1990 నవంబరులో వచ్చింది. ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. జయచంద్రారెడ్డి. ఏడోది కక్ష తీర్చుకోవడానికి దురుద్దేశంతో పెట్టిన కేసు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణ నుంచి వెళ్లిన ఒక వరకట్న వేధింపుల కేసును ఈ దారిలోనే కొట్టేసింది. ఏ ఆరోపణా విడమర్చి చెప్పకుండా భర్త వైపు వాళ్లందరి పేర్లూ చేర్చడాన్ని తప్పుపట్టింది. అదే తీర్పులో, నిజంగా హింస పడుతున్న స్త్రీ మౌనంగా ఉండాలని తాము అనడం లేదని కూడా రాసింది. ఆ రెండో మాటను పేపర్లు చిన్న అక్షరాల్లో వేశాయి.

ఆ రెండో మాటే "తెలిసి" అనే కట్టుకు ప్రాణం. చూడండి, 2013 నవంబరులో లలితా కుమారి కేసులో అయిదుగురు న్యాయమూర్తులు, అరెస్టు చేయదగ్గ నేరం కనిపించే ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందేనని తేల్చారు. తలుపు అంత బార్లా తెరిచాక అబద్ధాలు కూడా లోపలికి వస్తాయి. రానీయాలి. తెచ్చినవాడికి తెలిసి ఉంటే తర్వాత పట్టుకోవచ్చు, గుమ్మంలోనే వడపోస్తే నిజాలు కూడా బయటే ఉండిపోతాయి. కొత్త సురక్షా సంహిత మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు, డీఎస్పీ అనుమతితో, పద్నాలుగు రోజుల ప్రాథమిక విచారణకు వీలిచ్చింది. వడపోత కొంచెం వచ్చిందన్నమాట. నాకది అంతగా నచ్చలేదు.

కట్టు ఎక్కడ వేయాలో తెలిసిన మరో చెయ్యి పోక్సో చట్టం 22వ సెక్షన్ రాసింది. పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని అబద్ధపు ఫిర్యాదు చేసిన పెద్దవాళ్లకు శిక్ష ఉంది. అదే అబద్ధం పిల్లలే చెబితే శిక్ష లేదు. ఒక్క ఉపసెక్షన్, ఒక్క వాక్యం. పిల్లవాడి వెనక పెద్దచెయ్యి ఉంటుందని రాసినవాళ్లకు తెలుసు.

ఇక డబ్బు. నష్టపోయినవాడు దురుద్దేశపూర్వక ప్రాసిక్యూషన్ అంటూ సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు. కేసు ముగిసిన నాటి నుంచి ఏడాదిలోగా వేయాలి, దాటితే లిమిటేషన్ చట్టం వాకిట్లోనే ఆపేస్తుంది. కారణం లేకుండా ఆరోపించాడని తోస్తే ఫిర్యాదుదారు చేత పరిహారం కట్టించే వీలు మెజిస్ట్రేటుకు ఉంది. ఆధారం లేకుండా పోలీసుల చేత అరెస్టు చేయించినవాడి నుంచి పరిహారం ఇప్పించే సెక్షన్ వేరే ఉంది, దాని గరిష్ఠం 1,000 రూపాయలు. కొత్త సురక్షా సంహితలోనూ వెయ్యే. పోచంపల్లి పట్టుచీరలో వెయ్యికి కొంగు కూడా రాదు. ఉప్పును దాచుకున్నట్టే ఈ వెయ్యిని కూడా దాచుకున్నారు, దీన్ని మాత్రం ముచ్చట అనలేను.

మళ్లీ ఆ చిట్కి కట్టే చోటికి వెళ్లినప్పుడు పెద్దాయన రంగు ఆరిన నూలు మీది కట్లు విప్పుతున్నాడు. రబ్బరు పీలిక కింద తెల్లటి గుర్తు ఒక్కొక్కటే బయటపడుతోంది. నేను జేబులోంచి కాగితం తీసి, నా సొంత నాలుగో దృష్టాంతం రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఫిర్యాదు ఫోన్లోంచి కూడా పంపొచ్చు కదా, మూడు రోజుల్లో వచ్చి సంతకం చేస్తేనే స్టేషన్‌లో నమోదవుతుంది. మా 'క' అర్ధరాత్రి కోపంలో ఫోన్ తీసి, 'గ' ఏడు చీరలు ఎత్తుకెళ్లాడని పంపుతాడు. అది అబద్ధమని అతనికి తెలుసు. తెల్లారి కోపం దిగి, సంతకానికి వెళ్లడు. ఆ మధ్యలో ఓ కానిస్టేబులు 'గ' ఇంటికి వెళ్లి, వాకిట్లో నిలబడి, పేరు పెట్టి పిలిచి వస్తాడు. సమాచారం ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? అందించిన క్షణానే నేరం పూర్తవుతుందన్న మాట చూస్తే ఇచ్చినట్టేననిపిస్తుంది. సంతకం లేని కాగితం చూస్తే ఇవ్వనట్టు. "ఈ సెక్షన్‌లో చెప్పిన నేరం 'క' చేశాడు" అని ముగించబోయి, పెన్ను ఆపాను.

"ఏం రాస్తున్నవ్ సారూ?"

"ఒక కట్టు ఏడ వెయ్యాల్నో తెలుస్తలేదు తాతా."

"ఐతే జర ఆగు, ఎయ్యకు," అన్నాడు, ఇంకో పీలిక విప్పుతూ.